బగ్దల్ దుమ్ము

బీదరు జిల్లాలోని బగ్దల్ నుండి ఈమారు మేము రెండు వస్తువులు తెచ్చుకొన్నాము. ఒకటి, మా మేనత్త స్వయంగా కట్టియిచ్చిన గుమ్మడి వడియాల డబ్బా, రెండవది దుమ్ము. మొదటిది ఉగాదికి ముందే అయిపోయింది. రెండవదానితో మా తగవు ఆషాఢం దాకా సాగింది. ఆ తగవు ఎట్లా తెగిందో చెప్పుకొందామని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మన సంఘంలో చాలామంది ఇళ్లలో అటకమీద పాత స్లైడుల పెట్టెలు ఉన్నాయి గనుక, ఇది ఒక్క మా ఇంటి గొడవే కాదని మా నమ్మకం.

మా తాతల కాలంనాడే సోలాపురం వచ్చి స్థిరపడిన కుటుంబం మాది. మేనత్తను మాత్రం బగ్దల్‌లో ఇచ్చారు. మా నాన్నగారు చిన్నతనంలో రెండేండ్లు ఆ అక్కగారి ఇంట ఉండి చదువుకొన్నారు. అప్పుడే 1956 నవంబరు 1 వచ్చింది. బీదరు జిల్లా హైదరాబాదు రాష్ట్రం నుండి మైసూరు రాష్ట్రంలోకి పోయింది. "మేము కూర్చున్న పలక మీదనే కూర్చున్నాము, రాష్ట్రం మాత్రం లేచిపోయింది" అని ఆయన నవ్వేవారు. 1973లో ఆ మైసూరే కర్ణాటకమైంది. ఊరి పెద్దలు మాత్రం ఇప్పటికీ ఒక్క పూటలోనే తెలుగు, కన్నడం, ఉర్దూ, మరాఠీ నాలుగింటినీ వాడేస్తారు.

ఆ ఇంటిని విప్పేసి సిమెంటు ఇల్లు కట్టబోతున్నామని మా బావ ఫోనులో చెప్పాడు. విప్పకముందే ఒకసారి చూచి, బొమ్మలు తీసికొని రావాలని బయలుదేరాము. సెల్‌ఫోనుతో తీయవచ్చు గదా అని మీరనవచ్చు, అదీ తీశాము. కాని మా నాన్నగారి కెమేరా ఇంకా పనిచేస్తున్నది. ఆయన తీసిన స్లైడులు పెట్టెలో ఉన్నాయి. వాటి ప్రక్కన ఇది కూడా స్లైడుగానే ఉండాలని మా పట్టుదల. ఎక్టాక్రోమ్ ఫిల్ము తయారీ కొన్నేండ్లు ఆగిపోయి, 2018లో మళ్లీ మొదలైంది. ధర చూస్తే గుండె ఆగుతుంది. అయినా 36 బొమ్మల చుట్టలు రెండు కొన్నాము.

పట్టుదలకు మరొక కారణం కూడా ఉన్నది. అది ఒప్పుకొనడానికి సిగ్గుపడవలసినది. 1978లో నాన్నగారు మా మామయ్యను ఆ ఇంటి ముందు నిలబెట్టి ఒక స్లైడు తీశారు. తూర్పు జర్మనీ నుండి వచ్చే ఓర్వో ఫిల్ము అది. చిన్నతనంలో మేము దానిమీద దుమ్ము చూచి, సాయం చేద్దామని తువాలుతో గట్టిగా తుడిచాము. దుమ్ములోని ఇసుకరేణువు మామయ్య ముఖంమీద అడ్డంగా ఒక గీత గీసింది. నాన్నగారు ఏమీ అనలేదు. మామయ్య పోయిన తర్వాత ఆ స్లైడు తప్ప ఆయన బొమ్మ ఇంకొకటి లేదని తెలిసింది.

శివరాత్రి వెళ్లిన వారం సోలాపురంలో తెల్లవారుజామున బయలుదేరాము. హైదరాబాదు పోయే పెద్దరోడ్డు మీద నలదుర్గం, ఉమర్గా దాటి, హుమనాబాదు వద్ద ఎడమకు తిరిగితే బీదరు. అక్కడికి వచ్చేసరికి నేల రంగు మారిపోతుంది. బీదరు పట్టణం సముద్రమట్టానికి దాదాపు 2,200 అడుగుల ఎత్తున, ఎర్రమట్టి పీఠభూమి మీద ఉన్నది. దక్కనులోని నల్లరాయి యుగాల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి చివికిపోగా, అందులోని ఇనుము మిగిలి తుప్పుపట్టి ఈ ఎర్రని జంబిట్టె రాయి ఏర్పడింది. నేలలో ఉన్నంతకాలం మెత్తగా కోతకు లొంగుతుంది. గాలి తగిలితే బిగుసుకొంటుంది. 15వ శతాబ్దంలో బహమనీ సుల్తానులు గుల్బర్గా నుండి రాజధానిని ఇక్కడికి మార్చుకొని కట్టిన కోటలో ఈ రాయి ఎటు చూచినా కనిపిస్తుంది. బిద్రీ పనివారు పాత కోట మట్టిని ఏరి తెచ్చుకొని, నవాసారంతో కలిపి కాచి, అందులో తమ పాత్రలను ముంచుతారు. తుత్తునాగం నల్లబడి, పొదిగిన వెండితీగ తెల్లగా మిగులుతుంది. అంత విలువైన మట్టి అది. మాకది శత్రువవుతుందని అప్పటికి తోచలేదు.

మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసాను చూచాము. రెండు మినారులలో ఒకటే మిగిలింది. మిగిలినచోట అంటుకొని ఉన్న పింగాణీ పలకల నీలం, పసుపు రంగులు ఐదువందల ఏండ్ల దుమ్మును భరించి కూడా మెరుస్తున్నాయి. మొదటి చుట్ట అక్కడనే దాదాపు అయిపోయింది.

బగ్దల్ చేరేసరికి ప్రొద్దు నడినెత్తికి వచ్చింది. మేనత్త ఇంటి గోడలు ఆ ఎర్రరాతివే, పైన మట్టి మిద్దె. మిద్దెమీద ఆమె పరచిన పాత చీరమీద వడియాలు, వాటిపైన మరొక పలుచని బట్ట. ఆమెకు 86 ఏండ్లు. మమ్మల్ని చూచి నిచ్చెన దిగబోయింది, మేమే ఎక్కాము.

"వడియాలు ఎండుతున్నాయి గదా, ఇంకా ఆ బట్ట ఎందుకత్తా?" అని అడిగాము.

"ఇయ్యి పొద్దుగాల పెట్టినయి బిడ్డా. తడిమీద పడ్డ దుమ్ము వడియంల కలిసిపోతది. మల్ల ఊదినా పోదు, దులిపినా పోదు. ఎండినంక పడ్డదా, చాటల ఏసి చెరిగితే పోతది. కావలి తడి మీదనే కాయాలె" అన్నది.

మేము తలలూపి మరచిపోయాము.

మొదటి చుట్ట అయిపోగానే వాకిట్లోనే కెమేరా వెనుకమూత తీసి రెండవది వేయబోయాము. అప్పుడే గాలి లేచింది. "దుమ్ము లేస్తున్నది, లోపటికి రాండ్రి" అని మేనత్త మిద్దెమీది నుండి కేకవేసింది. ఒక్క నిమిషం పని గదా అని మేము వినలేదు.

ఆ రెండవ చుట్టలోనే ఇల్లంతా తీశాము: దూలాలు, ధాన్యపు గుమ్మి, నాన్నగారు చదువుకొన్న గూడు. చివరకు మేనత్తను గడప దగ్గర నిలబడమన్నాము. "ముసలిదాన్ని నన్నేం తీస్తవు, ఆ గడపను తియ్యి. గా గడప దాటినప్పుడు నాకు పద్నాలుగేండ్లు" అన్నది. గడపనూ ఆమెనూ కలిపి ఒక్క బొమ్మ తీశాము. ఆ సరికి వెలుతురు తగ్గిపోయింది.

స్లైడు ఫిల్మును ఇంట్లో కడుక్కొనే ధైర్యం మాకు లేదు. ఆరు రసాయనపు తొట్లు, మొదటిదాని వేడి కచ్చితంగా 38 డిగ్రీలు, నడుమ నడుమ నీటి కడుగుళ్లు. దేశంలో ఇప్పుడు ఆ పని చేసే చోట్లు కొద్ది. ఒక పెద్దనగరంలోని వృత్తిశాలకు చుట్టలు రెండూ పంపించాము. స్లైడులు తిరిగి వచ్చేసరికి బగ్దల్ ఇంటి మిద్దె దించేశారు.

ఒక రాత్రి దీపాలార్పి, నాన్నగారి ప్రొజెక్టరుతో గోడమీద బొమ్మలు వేశాము. 36 మిల్లీమీటర్ల బొమ్మ గోడమీద 1.8 మీటర్లు అయిందంటే 50 రెట్లు పెరిగిందన్నమాట. మిల్లీమీటరులో పదోవంతు నలుసు గోడమీద శనగపప్పు బద్దంత కనిపిస్తుంది. అట్లాంటివి ఒకటా, రెండా! మదరసా నీలంమీద నల్లని చుక్కలు, దూలాలమీద వంకర వెంట్రుకలు. మేనత్త బొమ్మ వచ్చేసరికి అందరం ఊపిరి బిగబట్టాము. ఎడమ చెంపమీద రెండు మచ్చలు, కంటిక్రింద ఒకటి, ద్వారబంధంపైన ఒకటి. మళ్లీ తీద్దామంటే గడప లేదు.

ఆ కోపంలో వృత్తిశాలకు ఒక జాబు వ్రాశాము. ఇంత డబ్బు పుచ్చుకొని దుమ్ములో ఆరబెట్టారా అని అడిగాము. వారు రెండే ముక్కలలో బదులిచ్చారు: దుమ్ము మీ కెమేరాలోది. వారు బగ్దల్‌ను తప్పుపట్టారు, మేము వారిని తప్పుపట్టాము. ఇంట్లో పిల్లలు ఒక మెత్తని గుడ్డ తెచ్చి, "తుడిచి చూద్దామా?" అన్నారు. మామయ్య ముఖంమీది గీత గుర్తుకు వచ్చి చేయి వెనుకకు తీసికొన్నాము.

మన సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపినవారు. పేరు వేయవద్దన్నారు. ఆయన భూతద్దం తీసికొని మా ఇంటికి వచ్చి, వచ్చీరాగానే అడిగిన ప్రశ్న: "ఏ దుమ్ము?"

దుమ్ములో రకాలుంటాయని మాకు తెలియదు. ఆయన స్లైడును దీపానికి ఏటవాలుగా పట్టుకొని చూపించారు. ఫిల్ముకు ఒకవైపు నునుపుగా మెరుస్తుంది; రెండవవైపు కాస్త మందంగా ఉంటుంది. ఆ మందమైనవైపే బొమ్మ ఉండేది, జెలటిన్ పూతలో. జెలటిన్ అంటే ఎముకలనుండి, తోళ్లనుండి తీసే జిగురు. నీళ్లలో ఉన్నప్పుడు అది ఉబ్బి, మెత్తబడి, బంకగా ఉంటుంది. కడిగి వ్రేలాడదీసినప్పుడు, ఆరేలోపల గాలిలోని నలుసు వచ్చి వాలితే అందులో కూరుకొనిపోతుంది. ఆరిన తర్వాత నలుసు చుట్టూ చిన్న గుంటో, గుబ్బో మిగులుతుంది. ఊదినా పోదు, దులిపినా పోదు.

మేము ఒకరి ముఖం ఒకరు చూచుకొన్నాము. ఈ మాట ఎక్కడ విన్నామో ఇద్దరికీ ఒక్కసారే తట్టింది. వడియాల మాట! మేనత్త ఏ స్టూడియోలోనూ పనిచేయలేదు.

పెద్దాయన మా స్లైడులను మూడు కుప్పలు చేశారు.

మొదటి కుప్పలోని దుమ్ము పైపైన ఉన్నది. రబ్బరు బుడ్డితో రెండుసార్లు ఊదగానే లేచిపోయింది. భూతద్దం క్రింద చూస్తే తెల్లని నూలుపోగులు! "ఇది బగ్దల్‌దీ కాదు, వృత్తిశాలదీ కాదు. మన సోలాపురానిది" అన్నారాయన. ఊరంతా దుప్పట్లు, తువాళ్లు నేసే ఊరు. మా ఇంట్లోనూ నూలు ఎగురుతూనే ఉంటుంది. పైగా పొడిగాలిలో ఫిల్మును చట్రంలోకి గబగబా జరిపితే రాపిడికి విద్యుత్తు పుట్టి, దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు దుమ్మును లాగుతుంది. అట్టచట్రాల అంచుల పీచు కూడా దానికి తోడు. గోడమీద మేము చూచి తిట్టుకొన్నవాటిలో సగానికి సగం మా ఇంట్లో, మా చేతిమీదుగా వచ్చినవే.

రెండవ కుప్పలో మచ్చలున్నచోట పైన ఏ నలుసూ లేదు. రెండవ చుట్టలోని మొదటి మూడు బొమ్మలు ఇందులోనే చేరాయి. ఇవి మేము వాకిట్లో మూత తీసినప్పటివి. బొమ్మ తీసే క్షణంలో ఫిల్ముమీద నలుసు ఉంటే, అది వెలుతురుకు అడ్డుపడుతుంది. వెలుతురు తగలనిచోట స్లైడు నల్లగా వస్తుంది. ఆ నలుసు తర్వాత తొట్లలో కొట్టుకొనిపోతుంది. దాని నీడ మాత్రం బొమ్మలో నిలిచిపోతుంది. దాన్ని కడగడమూ లేదు, తుడవడమూ లేదు. వీటిలో ఒకదానిపై నిలువు పొడవునా సన్నని గీత కూడా ఉన్నది. ఫిల్ము డబ్బా నోటికి ఉండే మఖమలు పట్టీలో ఇసుక ఇరుక్కొంటే ఇట్లా గీస్తుందట. నీడలోకి, మూసిన గదిలోకి పోయి చుట్ట మార్చుకొంటే తప్పిపోయేది. కేకవేసి మరీ చెప్పింది మేనత్త.

మూడవ కుప్ప మాత్రం నిజంగా వృత్తిశాలది. తడిమీద పడి, లోపల కూరుకొనిపోయిన దుమ్ము. పదకొండు స్లైడులు. మేనత్త బొమ్మ అందులో ఉన్నది.

"దీనికి మందు లేదా?" అన్నాము.

"తడిమీద పడినదాన్ని మళ్లీ తడిపే తీయాలి. జెలటిన్ మళ్లీ ఉబ్బితే పట్టు వదలవచ్చు. వదలకపోవచ్చు కూడా. చివర నిలకడకోసం వాడే రసాయనపు కడుగు తిరిగి ఇవ్వాలి, అందుచేత ఇంట్లో చేయవద్దు. వారినే అడగండి. కాని మొన్నటిలాగా అడగకండి" అన్నారు.

తడిసినప్పుడు వ్రేలు తగిలినా పూత లేచిపోతుందని కూడా ఆయన చెప్పారు. అది విన్న తర్వాత పదిహేను రోజులు మేము ఏ నిర్ణయమూ చేసికొనలేకపోయాము. నాలుగు మచ్చలతో ఉన్న మేనత్త మేలా, అసలే లేకుండా పోయే ప్రమాదం మేలా? ఇంట్లో రోజుకొకరు ఒక పక్షం మారారు.

ముందు ఒక నకలు చేయించి పెట్టుకొన్నాము. ఇప్పటి స్కానరు యంత్రాలకు ఒక తెలివి ఉన్నది. అవి పరారుణ కిరణాలను కూడా ఫిల్ముగుండా పంపుతాయి. స్లైడులోని రంగులను ఆ కిరణాలు దాటిపోతాయి గాని, దుమ్మును దాటలేవు. అందువల్ల ఎక్కడ దుమ్మున్నదో యంత్రానికి తెలుస్తుంది. ప్రక్కల రంగులతో ఆ చోటును పూడ్చేస్తుంది. పాత కోడాక్రోమ్‌తోను, వెండితో ఏర్పడిన నలుపు తెలుపు ఫిల్ములతోను ఈ ఉపాయం సరిగా సాగదు. ఎక్టాక్రోమ్‌తో సాగింది. చెంపమీది రెండు మచ్చలు, కంటిక్రిందిది పోయాయి. కాని ఆ పూడ్చినచోట ముడుతలు కూడా పోయి, చెంప ఇస్త్రీ చేసినట్లయింది. మేనత్త ముఖం మీద ముడుత లేని చోటు చూచి మాకే నచ్చలేదు. చిత్రమేమంటే, ద్వారబంధంపైని మచ్చ మాత్రం యంత్రానికి అసలు కనిపించలేదు. ఉన్నది ఉన్నట్లే ఉన్నది. పెద్దాయన నవ్వి, "అది దుమ్ము కాదు, దుమ్ము నీడ. అది మీ బగ్దల్‌దే" అన్నారు.

వృత్తిశాలకు రెండవ జాబు వ్రాశాము. మొదటి జాబులో మేము అన్నదానిలో సగం మా తప్పేనని ఒప్పుకొన్నాము. రెండవ కుప్ప మాదని, మొదటిది మా ఊరిదని వ్రాసి, మూడవదాన్ని మాత్రం పరీక్షించమని కోరాము. ఈసారి బదులు పెద్దదిగానే వచ్చింది. ఆరబెట్టే అలమారలోని గాలి వడపోత మార్చవలసి ఉండిందని, పదకొండింటినీ ఉచితంగా మళ్లీ కడుగుతామని, హామీ మాత్రం ఇవ్వలేమని వ్రాశారు. వారి మర్యాదకు మా మొదటి జాబు తలచుకొని సిగ్గుపడ్డాము.

స్లైడులు తిరిగి వచ్చిననాడు వాటిని పడకగదిలో విప్పలేదు. స్నానాలగదిలో వేడినీళ్లు తిప్పి, ఆవిరి అణగిన తర్వాత విప్పాము. చెమ్మగాలిలో దుమ్ము ఎగరదు. అంచులు పట్టుకొన్నామే గాని నడుమ వ్రేలు పెట్టలేదు. నోటితో ఊదలేదు, తుంపర పడుతుందని. ఇక వానకాలంలో బూజు పట్టకుండా చెమ్మను పీల్చే సిలికా గుళికలతోపాటు మూతగట్టి డబ్బాలో దాచాము. ఇదంతా అక్కరలేని మడి అనుకొనేవారు అటకమీది తమ పెట్టెను ఒకసారి దించి చూచుకోవలసిందని మనవి.

పదకొండింటిలో ఎనిమిది శుభ్రపడ్డాయి. రెండింటిలో మచ్చలు తగ్గాయి. ఒకటి చెడిపోయింది, అది ధాన్యపు గుమ్మి బొమ్మ. మేనత్త చెంప, కన్ను తేటపడ్డాయి, ముడుతలతో సహా.

ఆషాఢంలో ప్రొజెక్టరు కారులో పెట్టుకొని మళ్లీ బగ్దల్ వెళ్లాము. క్రొత్త ఇంటికి గోడలు లేచాయి, పైకప్పు వేయలేదు. ప్రక్కింటివారి గదిలో తెల్లని గోడమీద బొమ్మలు వేశాము. మేనత్త ముందు కూర్చున్నది. తన బొమ్మ వచ్చినప్పుడు తన ముఖం ఆమె చూచుకొనలేదు. గడపనే చాలాసేపు చూచింది. తర్వాత చేయెత్తి ద్వారబంధంపైని నల్లచుక్కను చూపించింది.

"అగో, గా మేకుకే మీ మామ కందీలు తగిలిచ్చేటోడు."

మా బావ ఏదో అనబోయాడు. అక్కడ మేకు ఉండేదా లేదా అతనికి తెలిసి ఉండవచ్చు. మేము సైగ చేశాము, ఊరుకొన్నాడు. తర్వాతి స్లైడు వేయమని ఎవరూ తొందరపెట్టలేదు.